లాగూ పురాణం

మా చిన్నప్పుడు నిక్కరు కుట్టించడమంటే ఇంట్లో పెద్ద తతంగం. దర్జీ నా నడుం కొలుస్తుంటే మా నాయనమ్మ పక్కన నిలబడి, "ఎదిగే పిల్లాడు నాయనా, కాస్త వదులుగా కుట్టు" అనేది. ఆ 'కాస్త' ఎంతంటే, మొదటి ఏడాది అందులో నాతోపాటు ఇంకో కుర్రాడు పట్టేవాడు. జారకుండా మొలతాడే దిక్కు. రెండో ఏటికి నిక్కరు సరిగ్గా సరిపోయేది. కాని అప్పటికి వెనకాల రెండు పోస్టుడబ్బాలు తెరుచుకునేవి!

నా సంగతి నయం. మా అక్కయ్య పరికిణీతో కోతికొమ్మచ్చి ఆడాలి. జామచెట్టు ఎక్కబోతే కుచ్చెళ్ళు కొమ్మలకి తగులుకునేవి. ఓ రోజు విసిగిపోయి, పరికిణీ కచ్చ పోసి బిగించి, నాకంటే పైకొమ్మ మీద కూర్చుంది. నాయనమ్మ చూడనే చూసింది. ఆ సాయంత్రంతో అక్కయ్య ఆట కట్టు.

బట్ట పిల్లల కాళ్ళ కోసం కాక పెద్దల కళ్ళ కోసం కుట్టించడం మా నాయనమ్మతో మొదలవలేదని, చాలా ఏళ్ళ తర్వాత పుస్తకాలు తిరగేస్తే తెలిసింది.

ఐరోపాలో ఒకప్పుడు పసివాళ్ళని కాలూ చెయ్యీ కదలకుండా గుడ్డపట్టీలతో చుట్టేసేవారు. కాస్త ఎదిగాక మగపిల్లలకైనా, ఆడపిల్లలకైనా పొడుగాటి గౌనే. ఆరేడేళ్ళు వచ్చేసరికి తండ్రి దుస్తులే చిన్నవి చేసి కొడుక్కి, తల్లి దుస్తులే చిన్నవి చేసి కూతురికి తొడిగేవారు. ఆడపిల్లల నడుం బిగించి కట్టడం హానికరమని 1693లోనే జాన్ లాక్ మొత్తుకున్నాడు. 1762లో రూసో తన 'ఎమిలీ'లో, ఎదిగే ఒంటికి బట్ట వదులుగా ఉండాలన్నాడు. ఈ విషయంలో మా నాయనమ్మా రూసో ఒకే పక్షం!

18వ శతాబ్దం చివర్లో మగపిల్లల కోసమే ఓ దుస్తు పుట్టింది. పొట్టి చొక్కాకి నడుం దగ్గర గుండీలు, ఆ గుండీలకి తగిలించే పొడుగు లాగూ. పరుగెత్తినా జారదు. అంటే మన మొలతాడు పని గుండీలు చేశాయన్నమాట. 1846లో విక్టోరియా రాణి నాలుగేళ్ళ కొడుక్కి నావికుల దుస్తులు కుట్టించి బొమ్మ గీయించింది. ఆ వదులు లాగూ ముచ్చట మెల్లగా దేశదేశాలకీ పాకింది.

అసలు మలుపు కూలివాళ్ళ బట్టతో వచ్చింది. అమెరికాలో జేబుల మూలలకి రాగి రివెట్లు కొట్టిన ముతక లాగూలకి 1873లో పేటెంటు తీసుకున్న లీవై స్ట్రాస్ కంపెనీయే, 1912లో పిల్లల ఆటలకోసం పైనుంచి కిందిదాకా ఒకే ముక్కగా ఉండే దుస్తు అమ్మింది. గనిలో చిరగని బట్ట, గోళీలాటలో చిరుగుతుందా మరి!

ఆ తర్వాత ఆ దేశపు వ్యవసాయ శాఖలో, 1923లో ఏర్పడిన గృహశాస్త్ర విభాగం వాళ్ళు ఇంకో మంచి ప్రశ్న వేసుకున్నారు: "పిల్లలు తమ బట్టలు తామే ఎందుకు తొడుక్కోలేరు?" గుండీలు వీపు మీద ఉంటే ఎలా తొడుక్కుంటారు? అందుకని వాటిని ముందుకి తెచ్చారు. చిన్న వేళ్ళకి అందేలా పెద్దవి చేశారు. 1930లలో జిప్పులూ ఇదే మాట చెప్పుకుని పిల్లల బట్టల్లోకి దూరాయి. ఆ దశాబ్దం చివర్లో ఆ విభాగమే సుమారు 1,47,000 మంది పిల్లల ఒళ్ళు కొలిపించింది. ఒకే వయసు పిల్లలందరికీ ఒకే కొలత సరిపోదని తేల్చింది. ఇది మా దర్జీకి ఎవరూ చెప్పలేదు.

మొన్న వేసవిలో అక్కయ్య మనవరాలు వచ్చింది. నడుముకి ఎలాస్టిక్, మోకాళ్ళ దగ్గర రెండు పొరల గుడ్డ, రెండు జేబులు ఉన్న లాగూ. వస్తూనే పెరట్లో జామచెట్టెక్కింది. నేను నాయనమ్మలా కేకేయబోయాను. అక్కయ్య చెయ్యి పట్టుకుని ఆపేసింది.

పిల్ల దిగి, రెండు జేబుల్లోంచీ కాయలు తీసి అక్కయ్య ఒళ్ళో పోసింది. అక్కయ్య కాయల్ని చూడలేదు. ఆ జేబులోకి చెయ్యి పెట్టి, అడుగుదాకా తడిమి చూసింది.

"ఎంత లోతుగా ఉందో చూశావట్రా!" అంది.