శబ్దము వేరు, శక్తి వేరు: మోటారు సైకిలు చెప్పు పాఠము

హైదరాబాదు నుండి విజయవాడకు పోవు రహదారిపై సూర్యాపేట, కోదాడ పట్టణములున్నవి. ఒకప్పుడు 9వ నెంబరు జాతీయ రహదారి అని పేరొందిన ఈ బాటకు 2010లో జరిగిన మార్పులలో 65వ నెంబరు వచ్చినది. కోదాడ నుండి హుజూర్‌నగర్ మీదుగా పడమటి వైపునకు పోయినచో మిర్యాలగూడ చేరుదుము. రహదారి నాలుగు వరుసలది, చాలవరకు చదునైనది. మిర్యాలగూడ చుట్టుపట్ల మాత్రము సాగరు ఎడమ కాలువ క్రింది వరి పొలములు, కాలువ గట్లు, ధాన్యపు బస్తాలు, రైసు మిల్లులు కనబడును. ఒకే మోటారు సైకిలు ఈ రెండు రకముల దారులలోను పని చేయవలసియున్నది.

ఈ ఊళ్ళలో మెకానిక్కు షాపు ముందు కొంతసేపు నిలుచున్నచో ఒక ప్రశ్న వినబడకపోదు. "అన్నా, సైలెన్సర్ మారిస్తే బండి ఇంకా ఉరుకుతదా?" అడుగువాడు తరచుగా కాలేజీ కుర్రవాడే. ప్రశ్న చిన్నదే. కాని దానికి సరియైన జవాబు చెప్పవలెనన్న నూటనలుబది యేండ్ల చరిత్రను, కొంచెము భౌతికశాస్త్రమును తెలిసికొనవలెను.

మొదటి బండిలోనే గేరు

1885లో జర్మనీ దేశములో డైమ్లర్, మేబాక్ అను ఇద్దరు ఇంజనీర్లు కొయ్య చట్రమునకు పెట్రోలు ఇంజను బిగించి రెండు చక్రముల బండిని నడిపించినారు. ఆ ఇంజను పరిమాణము 264 ఘనపు సెంటీమీటర్లు. శక్తి కేవలము అర హార్సు పవరు. అంత చిన్న శక్తి గల బండికి కూడ వారు పట్టా సాయముతో రెండు వేగములు ఏర్పాటు చేసినారు. ఒకటి గంటకు సుమారు 6 కిలోమీటర్లు, రెండవది 12 కిలోమీటర్లు. ఇంజను ఇచ్చు శక్తి ఒకటే అయినను దానిని నెమ్మదిగా, బలముగా వాడవచ్చును, లేదా వేగముగా, తేలికగా వాడవచ్చును. ఈ రెండింటిలో ఒకదానిని ఎన్నుకొనుటకే గేరు ఉన్నది. ఈ సంగతి మొదటి బండి నాటికే తెలిసియున్నది.

బుల్లెట్టు మన నేలకు వచ్చుట

"బుల్లెట్" అను పేరుతో మోటారు సైకిలు 1932లో ఇంగ్లండులో వెలువడినది. 1955లో మద్రాసులో ఎన్‌ఫీల్డ్ ఇండియా కంపెనీ ఏర్పడి, తరువాత తిరువొత్తియూరు కర్మాగారములో ఈ బండి తయారగుట మొదలైనది. 1955 డిసెంబరు 10వ తేదీన నెహ్రూ నాగార్జునసాగరమునకు శంకుస్థాపన చేసినారు. 1967 ఆగస్టు 4న కాలువలకు నీరు విడిచినారు. ఈ విధముగా మిర్యాలగూడ ప్రాంతమును మార్చివేసిన నీరు, ఆ గట్లపై తిరిగిన బండి ఒకే కాలమునకు చెందినవి.

ఆ బుల్లెట్టు సిలిండరు వ్యాసము 70 మిల్లీమీటర్లు. పిస్టను క్రిందికి మీదికి కదలు దూరము 90 మిల్లీమీటర్లు. వృత్తపు వైశాల్యమును ఎత్తుతో హెచ్చించినచో 346 ఘనపు సెంటీమీటర్లు వచ్చును. తొమ్మిదవ తరగతి విద్యార్థి ఈ లెక్కను సులభముగా చేయగలడు. వ్యాసము కన్న కదలిక ఎక్కువగుటచేత ఈ ఇంజను నిమిషమునకు తక్కువ చుట్లు తిరుగుచునే గట్టిగా లాగును. దాని శక్తి 18 హార్సు పవరు మాత్రమే. ఉరుకుటకు కాక, అలసట లేక దూరము పోవుటకు తగిన నిర్మాణమిది. ఈనాడు క్రూయిజర్ అని పిలుచు బండ్లకు ప్రాణము ఈ గుణమే.

పొగగొట్టములో పరుగెత్తు అల

పొగను బయటికి పంపుటయే సైలెన్సరు గొట్టము పని అని చాలమంది అనుకొందురు. నిజమునకు అందులో ఇంకొకటి జరుగును. వాల్వు తెరచుకొనగానే వేడి వాయువు ఒక్కసారిగా దూకి, గొట్టములో ఒత్తిడి అలను పుట్టించును. వేడి వాయువులో ఈ అల సెకనుకు సుమారు 500 మీటర్లు పోవును. గొట్టపు తెరచిన కొన చేరగానే అది తిరగబడి, ఈసారి పీల్చు అలగా వెనుకకు వచ్చును. పొగ వాల్వు మూయకముందే, క్రొత్త గాలి వచ్చు వాల్వు తెరచుకొనుచున్న క్షణములో అది చేరినచో మిగిలిన పొగను బయటికి లాగి, క్రొత్త గాలికి చోటు చేయును. ముందుగానో ఆలస్యముగానో వచ్చినచో ప్రయోజనము లేదు, ఒక్కొక్కప్పుడు నష్టము కూడ.

లెక్క చూతము. గొట్టము పొడవు ఒక మీటరైనచో అల పోయి వచ్చు దూరము రెండు మీటర్లు. పట్టు కాలము సెకనులో వెయ్యింట నాలుగు వంతులు. ఇంజను నిమిషమునకు 6,000 చుట్లు తిరుగుచున్నచో ఆ కాలములో 144 డిగ్రీలు తిరుగును. 3,000 చుట్లయినచో 72 డిగ్రీలు మాత్రమే. కావున ఒక పొడవు గల గొట్టము ఒక వేగమునకే చక్కగా కుదురును. అన్ని వేగములకు మేలు చేయు గొట్టము లేదు. పై చుట్లలో లాభము చూపు గొట్టము క్రింది చుట్లలో లాగుడును తగ్గించవచ్చును. బస్తా వేసికొని కాలువ గట్టు ఎక్కు రైతునకు కావలసినది ఆ క్రింది లాగుడే.

కాడెన్ గెలుపు, దాని వెల

ఈ అలను పూర్తిగా లొంగదీసికొన్నవాడు తూర్పు జర్మనీకి చెందిన వాల్టర్ కాడెన్. ఎం.జెడ్. కంపెనీలో పందెపు బండ్లను తయారుచేసిన ఈ ఇంజనీరు టూ స్ట్రోకు ఇంజను లోపమును గుర్తించినాడు. ఆ ఇంజనులో పొగ పోవుచుండగానే క్రొత్త మిశ్రమము వచ్చును. అందులో కొంత కాలకుండగనే బయటికి జారిపోవును. కాడెన్ గొట్టమును మొదట వెడల్పగునట్లు, తరువాత ఇరుకగునట్లు రెండు శంకువుల ఆకారములో చేసినాడు. మొదటి శంకువు నుండి వచ్చిన అల పొగను పీల్చును. రెండవ శంకువు నుండి వచ్చిన అల జారిపోయిన మిశ్రమమును వెనుకకు నెట్టును. 1961 నాటికి 125 ఘనపు సెంటీమీటర్ల ఇంజను నుండి 25 హార్సు పవరు సాధింపబడినది. అనగా లీటరుకు 200. అదనపు గాలిని లోపలికి నెట్టు పంపు ఏదియు లేకుండ సాధించిన శక్తి అది.

ఆ సంవత్సరమే ఎం.జెడ్. పందెగాడు ఎర్నెస్ట్ డెగ్నర్ స్వీడను పందెము సమయములో తన దేశము విడిచి, ఆ రహస్యములతో జపానుకు చెందిన సుజుకీ కంపెనీలో చేరినాడు. 1962లో ఆ కంపెనీ బండిపై ప్రపంచ విజేత అయినాడు. టూ స్ట్రోకు విద్య జపానులో వేళ్ళూనినది. అక్కడి యమహా కంపెనీ రూపొందించిన బండి 1983లో రాజ్‌దూత్ 350 అను పేరుతో మన దేశమునకు వచ్చినది.

రాజ్‌దూత్ 350 మనకొక మంచి పాఠము చెప్పును. మొదట వచ్చిన రకము శక్తి 30.5 హార్సు పవరు. పెట్రోలు ఎక్కువ త్రాగుచున్నదని, పొగ పోవు మార్గమును బిగించి 27 హార్సు పవరు రకమును కంపెనీయే తయారుచేసినది. అనగా శక్తిని వదలుకొని మైలేజిని కొనుక్కొన్నారు. 1985లో వచ్చిన 98 ఘనపు సెంటీమీటర్ల ఆర్‌ఎక్స్ 100 తేలికదనమువలన, 11 హార్సు పవరు వలన యువకులను ఆకర్షించినది. 1996లో దాని తయారీ ఆగినది. కాలని పెట్రోలును గాలిలోనికి వదలు టూ స్ట్రోకు బండ్లు కాలుష్య నియమములు కఠినమైన కొలది రోడ్లపై తగ్గిపోయినవి. ఉచితముగా వచ్చిన శక్తి ఈ చరిత్రలో ఎక్కడను లేదు.

గాలి, పెట్రోలు పొత్తు

సైలెన్సరు ఒక్కటి మార్చి ఊరకుండుట ఎందుకు ప్రమాదము? ఒక గ్రాము పెట్రోలు పూర్తిగా కాలుటకు సుమారు 14.7 గ్రాముల గాలి కావలెను. పొగ దారి సులువైనచో కొన్ని వేగముల వద్ద గాలి ఎక్కువగా వచ్చును; కార్బురేటరు జెట్టు మాత్రము పాత కొలతకే పెట్రోలు ఇచ్చును. మిశ్రమము పలుచబడును. ఇంజను వేడెక్కును, వాల్వులు మాడును, కడకు పిస్టను పట్టివేయును. పొగగొట్టము నీలి రంగుకు తిరుగుట, యాక్సిలరేటరు వదలినప్పుడు పటపటమని పేలుట దీనికి గుర్తులు కావచ్చును. కుర్రవాడు ఆ పేలుడును వీరత్వమనుకొనును; అనుభవముగల మెకానిక్కు దానిని ఇంజను మూలుగుగా వినును.

2020 ఏప్రిల్ నుండి బి.ఎస్. 6 నియమములు అమలులోనికి వచ్చిన తరువాత బండ్లలో పెట్రోలును కంప్యూటరే కొలచి చిమ్ముచున్నది. పొగలో మిగిలిన ఆక్సిజనును ఒక సెన్సరు చూచి చెప్పును. సైలెన్సరు మార్గములో ఉన్న కేటలిటిక్ కన్వర్టరు కార్బన్ మోనాక్సైడువంటి విషవాయువులను మార్చివేయును. దానిని ఊడదీసి పారవేయుట మన వీధిలోని పసిపిల్లల ఊపిరితో చెలగాటమాడుట.

పంటి చక్రముల లెక్క

ఇక గేరు సంగతి. గేరుపెట్టె వద్ద చైను లాగు చిన్న పంటి చక్రమునకు 16 పండ్లు, వెనుక చక్రమునకు 38 పండ్లు ఉన్నవనుకొందము. 38ని 16తో భాగించగా 2.375. ముందు చక్రమును 17 పండ్లదిగా మార్చినచో 2.235. అదే వేగమునకు ఇంజను సుమారు నూటికి ఆరు చుట్లు తక్కువ తిరుగును. సూర్యాపేట నుండి కోదాడకు రహదారిపై నిలకడగా పోవువానికి ఇది హాయినిచ్చును. ఇంజను మోత, అదురు తగ్గును. కాని వెనుక చక్రమును త్రిప్పు బలము కూడ అంతే తగ్గును. ఇద్దరు కూర్చుండి బస్తాతో గట్టు ఎక్కవలసినప్పుడు క్లచ్చు కాలును, గేరు మాటిమాటికి తగ్గించవలెను. తుల ఒక వైపు దిగినచో రెండవ వైపు లేచినట్లే.

పై వేగము పెరుగునా? గాలి అడ్డగింపు వేగపు వర్గమును బట్టి, దానిని జయించుటకు కావలసిన శక్తి వేగపు ఘనమును బట్టి పెరుగును. గంటకు 100 కిలోమీటర్ల నుండి 110 చేరవలెనన్న గాలికొరకే నూటికి 33 వంతుల శక్తి అదనముగా కావలెను. మంచి సైలెన్సరు, సరియైన ట్యూనింగు కలిసి నూటికి 5 వంతుల శక్తి పెంచినవనుకొన్నను 100 కాస్త 101.6 అగును. వేలకొలది రూపాయలు పోసి కొన్నది ఇంతే! అదే వేగము 60 నుండి 80కి పెరిగినచో బ్రేకు వేసిన తరువాత ఆగు దూరము దాదాపు 1.8 రెట్లగును. ఈ రెండవ లెక్క తెలియక రహదారిపై పోయిన ప్రాణము తిరిగి రాదు.

చట్టము, వివేకము

రిజిస్ట్రేషను పత్రములోని వివరములకు, తయారీదారు నిర్దేశించిన రూపమునకు భిన్నముగా బండిని మార్చుటను 1988 మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను నిషేధించుచున్నది. శబ్ద, వాయు కాలుష్య నియమములను మీరి బండి నడుపుటకు 190వ సెక్షను క్రింద శిక్ష కలదు. ఈ నియమములు వేగముపై పగతో పుట్టినవి కావు.

చరిత్రను ఒక్క పోలికతో ముగింతము. 2020లో వచ్చిన రాయల్ ఎన్‌ఫీల్డ్ మీటియోర్ 350 క్రూయిజరు సిలిండరు 349 ఘనపు సెంటీమీటర్లు; శక్తి 20.2 హార్సు పవరు. పాత బుల్లెట్టు కన్న రెండు హార్సు పవరు మాత్రమే ఎక్కువ. అరువది యేండ్లకు పైబడిన కృషి ఎక్కడికి పోయినది? పొగను శుభ్రపరచుటకు, అదురును తగ్గించుటకు, బ్రేకులను బలపరచుటకు పోయినది. ఇంజనీర్లు మెరుగుదల అనుదానిని ఈ విధముగా అర్థము చేసికొన్నారు.

ఉపాధ్యాయులు ఈ పాఠమును సైకిలుతోనే చూపవచ్చును. పెడలు వద్ద పండ్లు, వెనుక పండ్లు విద్యార్థులచేత లెక్కపెట్టించి భాగించవలెను. టైరుపై సుద్దతో గుర్తు పెట్టి, పెడలును ఒక చుట్టు త్రిప్పినప్పుడు బండి ఎంత దూరము పోయినదో టేపుతో కొలువవలెను. చుట్టుకొలతను ఆ నిష్పత్తితో హెచ్చించిన జవాబుతో అది సరిపోవును. ఆ కొలత చేతితో కొలిచిన విద్యార్థి రేపు మెకానిక్కు షాపు ముందు నిలుచున్నప్పుడు అతని ప్రశ్న మారును. "ఇంకా ఉరుకుతదా?" అని అడుగడు. "ఇది పెరిగితే ఏం తగ్గుతది?" అని అడుగును.