సైక్లోస్టైల్ కాగితం నుంచి సొంత సర్వరు దాకా

1926 ఏప్రిల్‌లో న్యూయార్క్ నుంచి వెలువడడం మొదలైన ‘అమేజింగ్ స్టోరీస్’ సైన్స్ ఫిక్షన్‌కే అంకితమైన తొలి ఇంగ్లీషు మాసపత్రిక. దాని సంపాదకుడు హ్యూగో గెర్న్స్‌బాక్ పాఠకుల ఉత్తరాలు అచ్చువేసేటప్పుడు రాసినవారి పూర్తి చిరునామా కూడా ఇచ్చేవారు. దాంతో ఒకే రకం కథలంటే పడిచచ్చేవాళ్లకు ఒకరి ఆచూకీ ఒకరికి దొరికింది. ఉత్తరాలు సంపాదకుడిని దాటుకుని నేరుగా పాఠకుల మధ్య నడవసాగాయి. కథలను, బొమ్మలను, పాటలను నలుగురితో పంచుకుని మురిసిపోయే అభిమాన లోకానికి పునాది ఆ చిరునామాలే.

ఉత్తరాల తర్వాత సొంత పత్రికలు వచ్చాయి. 1930 మే నెలలో షికాగోలోని సైన్స్ కరస్పాండెన్స్ క్లబ్ ‘ది కామెట్’ అనే పత్రికను సైక్లోస్టైల్ తీసి సభ్యులకు పంపింది. ఈ కోవ పత్రికలకే తర్వాత ఫ్యాన్‌జైన్ అనే పేరు స్థిరపడింది. కొన్ని డజన్ల కాపీలు, అలుక్కుపోయిన సిరా, తపాలా ఖర్చు: అంతే పెట్టుబడి. పాఠకులు కొద్దిమందే అయినా వీటి ప్రభావం చిన్నది కాదు. క్లీవ్‌లండ్‌లో జెర్రీ సీగల్, జో షూస్టర్ అనే ఇద్దరు కుర్రవాళ్లు 1933 జనవరిలో తమ ఫ్యాన్‌జైన్‌లో ‘సూపర్‌మ్యాన్’ అనే పేరుతో ఒక పాత్రను ప్రవేశపెట్టారు. అప్పటికి అతను ప్రతినాయకుడు. ప్రపంచమంతా ఎరిగిన కథానాయకుడిగా మారి అచ్చయింది 1938లో.

1939లో న్యూయార్క్‌లో తొలి ప్రపంచ సైన్స్ ఫిక్షన్ మహాసభ జరిగింది. నిర్వాహకులు తమకు గిట్టని వర్గంలోని కొందరిని గుమ్మం దగ్గరే ఆపేశారు. సినిమా అభిమాన సంఘాల పేచీలు చూసిన తెలుగువారికి ఇందులో వింతేమీ కనిపించదు.

ఈ లోకం స్వరూపాన్ని మార్చింది మాత్రం ‘స్టార్ ట్రెక్’. 1966 సెప్టెంబరులో అమెరికా టీవీలో మొదలైన ఈ ధారావాహికను రెండో ఏడాదికే ఆపేస్తారన్న వార్త పొక్కగానే అభిమానులు ఎన్‌బీసీ ఛానల్‌కు ఉత్తరాల వరద పంపారు. మరో ఏడాది పొడిగింపు దక్కింది కానీ 1969లో ఆట ముగిసింది. తెర మీద ఆగిపోయిన కథను వీక్షకులే కాగితం మీద ముందుకు నడిపారు. ధారావాహిక నడుస్తుండగానే 1967లో వచ్చిన ‘స్పాకనేలియా’ పూర్తిగా ఈ ధారావాహికకే పరిమితమైన తొలి ఫ్యాన్‌జైన్. దాన్ని తెచ్చినవాళ్లు ఇద్దరూ స్త్రీలే. పాత సైన్స్ ఫిక్షన్ సభల్లో మగవాళ్లదే పెత్తనం కాగా, ఈ కొత్త కథల్లో రాసేవారు, బొమ్మలు వేసేవారు, అచ్చువేయించేవారు చాలావరకు ఆడవాళ్లే. అచ్చుకూలి, తపాలా ఖర్చు రాబట్టుకోవడమే తప్ప లాభం చూసుకోకూడదన్నది అందరూ పాటించిన కట్టుబాటు. పాత్రలు తమవి కావన్న ఎరుకా, కాపీరైటు భయమూ దాని వెనక ఉన్నాయి. 1975లో క్యాండీ ఫాంగ్ అనే అభిమాని స్టార్ ట్రెక్ దృశ్యాల స్లైడ్లను పాటకు తగ్గట్టు వరసగా వేసి చూపించారు. అభిమానులు చేసే పాటల వీడియోలన్నిటికీ మూలంగా దాన్నే చెబుతారు.

అదే ఏడాది డిసెంబరులో టోక్యోలో ‘కామిక్ మార్కెట్’ అనే అభిమానుల సొంత పత్రికల సంత మొదలైంది. 32 బృందాలు, 700 మంది దాకా సందర్శకులు వచ్చిన ఆ సంత తర్వాతి దశాబ్దాల్లో లక్షల మంది తిరునాళ్లయింది.

కంప్యూటర్ల మీదికి అభిమానం చేరడానికి ఎంతో కాలం పట్టలేదు. అమెరికా రక్షణ శాఖ డబ్బుతో నడిచిన అర్పానెట్‌లో 1970ల చివరికే సైన్స్ ఫిక్షన్ ముచ్చట్లు జోరుగా సాగాయి. సంగీతంలో ముందున్నవారు ‘గ్రేట్‌ఫుల్ డెడ్’ రాక్ బృందం అభిమానులు. కచేరీలను రికార్డు చేసుకోవడానికి ఆ బృందమే అనుమతించింది. 1984లో అందుకోసం విడిగా సీట్లు కూడా కేటాయించింది. టేపులను మార్చుకోవచ్చు, అమ్మకూడదు. ఎవరి దగ్గర ఏ కచేరీ ఉందో వెతుక్కోవడానికి వాళ్లు 1985లో కాలిఫోర్నియాలో మొదలైన ‘వెల్’ అనే కంప్యూటర్ చర్చావేదికలో చేరారు. వాళ్లు కట్టిన రుసుములు ఆ సంస్థ ఆదాయానికి పెద్ద దన్నయ్యాయి.

1990లలో వెబ్ వచ్చాక తపాలా ఖర్చు లేకుండా పోయింది. 1998లో మొదలైన అభిమానుల కథల సైటు ఫ్యాన్‌ఫిక్షన్ డాట్ నెట్‌లో హారీ పాటర్ కథలు కుప్పతెప్పలుగా పేరుకున్నాయి. కానీ సౌకర్యంతో పాటు పరాధీనత కూడా వచ్చింది. ఫ్యాన్‌జైన్ సంపాదకురాలికి సైక్లోస్టైల్ యంత్రం అందుబాటులో ఉంటే చాలు. వెబ్‌లో రాసేవారు ఎవరిదో స్థలంలో అద్దెలేని కాపురం చేస్తున్నారు. 2002లో ఫ్యాన్‌ఫిక్షన్ డాట్ నెట్ పెద్దలకు మాత్రమే అనే కథలన్నిటినీ తీసేసింది. 2007 మేలో బ్లాగుల సైటు నడిపే లైవ్‌జర్నల్ సంస్థ ఫిర్యాదులకు బెదిరి 500 దాకా ఖాతాలను ఒక్కసారిగా మూసేసింది. వాటిలో అత్యాచార బాధితుల సహాయక బృందాలు, నబొకోవ్ నవల ‘లోలిటా’ను చర్చించే బృందం కూడా ఉన్నాయి. సంస్థ క్షమాపణ చెప్పి చాలావాటిని తిరిగి తెరిచినా పోయిన నమ్మకం తిరిగి రాలేదు. 2009 అక్టోబరులో యాహూ తన ఉచిత వెబ్ పేజీల సేవ జియోసిటీస్‌ను మూసేసినప్పుడు సొంత కాపీ దాచుకోనివారి అభిమాన పేజీలు ఎన్నో గల్లంతయ్యాయి.

మరోవైపు 2007లోనే ఫ్యాన్‌లిబ్ అనే వ్యాపార సంస్థ అభిమానుల కథలతో డబ్బు చేసుకోబోయింది. దావాలు పడితే బాధ్యత రాసినవారిదేనన్న షరతు చూసి అభిమానులు మండిపడ్డారు. మరుసటి ఏడాదే అది మూతపడింది.

2007లో లైవ్‌జర్నల్, ఫ్యాన్‌లిబ్ దెబ్బలు తగులుతున్న రోజుల్లోనే నవలా రచయిత్రి నయోమీ నోవిక్ అభిమానులకు సొంత భాండాగారం కావాలని ప్రతిపాదించారు. లాభాపేక్ష లేని ‘ఆర్గనైజేషన్ ఫర్ ట్రాన్స్‌ఫర్మేటివ్ వర్క్స్’ ఆ ఏడాదే ఏర్పడింది. ‘ఆర్కైవ్ ఆఫ్ అవర్ ఓన్’ 2009 నవంబరులో అందరికీ తెరుచుకుంది. ప్రోగ్రాము రాసినవాళ్లు స్వచ్ఛంద కార్యకర్తలు, ఎక్కువమంది స్త్రీలే; కొందరు ఆ పని కోసమే ప్రోగ్రామింగ్ నేర్చుకున్నారు. సర్వర్లు సంస్థవే, ప్రకటనలు లేవు, ఖర్చంతా విరాళాలదే. కథలకు రాసినవారు తోచినట్టు తగిలించే గుర్తులను ఒక పద్ధతిలోకి తెచ్చే పనీ కార్యకర్తలే చేస్తారు. మూతపడబోయే పాత సైట్ల కథలను ఇక్కడికి తరలించడానికి విడిగా ఒక విభాగం ఉంది. 2019లో డబ్లిన్‌లో జరిగిన ప్రపంచ సైన్స్ ఫిక్షన్ మహాసభలో దీనికి హ్యూగో పురస్కారం దక్కింది. అభిమానానికి కావలసింది మెరుగైన యంత్రం కన్నా సొంత నేల అన్న వాదనను ఈ ప్రయత్నం నిలబెట్టింది.

తెలుగు సినిమా కూడా అక్కడికి చేరింది. ‘బాహుబలి’, 2022 నాటి ‘ఆర్.ఆర్.ఆర్.’ పాత్రల మీద అభిమానులు అల్లిన కథలు ఆ భాండాగారంలో ఉన్నాయి. వాటిలో అధికభాగం ఇంగ్లీషులో రాసినవే.