చైను ఎందుకు ఊడుతుంది?

ఈ వారం చరిత్ర మీద మాట్లాడమన్నారు. కాకతీయులో, బౌద్ధ స్తూపాలో చెబుతానని ఎదురు చూస్తున్నవాళ్ళు కాస్త క్షమించాలి. నేను చెప్పబోయేది సైకిలు చైను గురించి, అది ఎక్కి తిరిగే పళ్ళ చక్రం గురించి. మన వైపు సైకిలు షాపుల్లో దాన్ని చైన్ వీల్ అంటారు. ఆ మాటే వాడతాను.

సింగపూరులో నాకు కారు లేదు. ఉండే అవకాశం కూడా లేదనుకోండి. 2023లో చిన్న కారు కొనుక్కునే హక్కు పత్రానికే, కారు ధర కాదు, కేవలం ఆ పత్రానికే, వేలం పాటలో లక్ష డాలర్లు దాటింది. అందుకని మడత పెట్టే ఎలక్ట్రిక్ సైకిలు ఒకటి కొన్నాను. ఇక్కడ వీటికి నిబంధనలు గట్టివే. మోటారు 250 వాట్లు మించకూడదు, బరువు 20 కిలోలు దాటకూడదు, గంటకి 25 కిలోమీటర్లు రాగానే మోటారు తనంతట తానే ఆగిపోవాలి, పెడలు తొక్కితేనే తోడు రావాలి. నారింజ రంగు సీలు, వెనక నెంబరు ప్లేటు ఉండాలి. 2022 జనవరి నుంచి రాత పరీక్ష కూడా పాసవ్వాలి. నలభై ఏళ్ళు దాటాక సైకిలు తొక్కడానికి పరీక్ష రాశానని మా నాన్నగారికి ఫోన్లో చెబితే ఆయన చాలాసేపు నవ్వారు.

ఆ సైకిలుకి చైను ఊడే రోగం పట్టుకుంది. మొదట నెలకోసారి, తర్వాత వారానికోసారి. చేతులు నల్లగా చేసుకుని ఆఫీసుకి వెళ్ళడం అలవాటైపోయింది. ఒకరోజు సాయంత్రం పెద్ద కూడలిలో పచ్చ దీపం పడగానే గట్టిగా తొక్కాను. చైను ఊడింది, కాలు గాల్లోకి దిగిపోయింది. ఇందులో ఒక చిక్కుంది. మా సైకిల్లో మోటారు వెనక చక్రం మధ్యలో ఉంటుంది. పెడలు తిరుగుతోందా లేదా అని చూసే సెన్సరు ముందు ఇరుసు దగ్గర ఉంటుంది. చైను ఊడినా పెడలు తిరుగుతూనే ఉంది కదా, తొక్కుతున్నాననుకుని మోటారు ముందుకి తోసింది. నేను పక్కకి పడ్డాను. వెనక లారీ ఉంది. డ్రైవరు బ్రేకు వేశాడు కాబట్టి మోచెయ్యి గీరుకోవడంతో పోయింది. ఇంటికొచ్చాక మా ఆవిడ పసుపు పెడుతూ, "ఏమండీ, రేపే అమ్మేయండి దాన్ని" అంది. వారం గడువు అడిగాను. ఆ వారంలో చదువుకున్నదే ఇప్పుడు మీకు చెబుతున్నాను.

నాకు ముందుగా వచ్చిన సందేహం ఏమిటంటే, మా నాన్నగారి సైకిలు చైను ఎందుకు ఊడేది కాదని. ఆయనది నల్ల హెర్క్యులిస్. మద్రాసు దగ్గర అంబత్తూరులో టీఐ సైకిల్స్ వాళ్ళు 1949లో మొదలుపెట్టిన కంపెనీది. దాని మీద నేనూ, మా అక్కా, బియ్యం బస్తా కలిసి వెళ్ళిన రోజులున్నాయి. ఎప్పుడైనా చైను వదులైతే వెనక రెండు నట్లు తిప్పి, చక్రాన్ని కాస్త వెనక్కి లాగి బిగించేవారు. అంతే. ముందు ఒక చక్రం, వెనక ఒక చక్రం, మధ్యలో గీత గీసినట్టు నిటారుగా చైను. అది పక్కకి జరగాల్సిన అవసరమే లేదు, జరగడానికి వదులూ లేదు.

అసలు సైకిలుకి చైను మొదట్నుంచీ లేదు. 1870లలో ఇంగ్లండులో ముందు చక్రం మనిషంత ఎత్తు, వెనక చక్రం పళ్ళెమంత ఉండే సైకిళ్ళు తొక్కేవారు. పెడళ్ళు ముందు చక్రానికే బిగించి ఉండేవి. పెడలు ఒక చుట్టు తిరిగితే చక్రం ఒక చుట్టు తిరుగుతుంది. కాబట్టి వేగం కావాలంటే చక్రం పెద్దది కావాలి, చక్రం పెద్దదైతే పడినప్పుడు తల ముందుగా నేలకి తగులుతుంది. ఈ బాధ తప్పించింది చైనే. 1880లో మాంచెస్టరులో స్థిరపడ్డ స్విట్జర్లాండు మనిషి హాన్స్ రెనాల్డ్, మేకు మీద గొట్టం, గొట్టం మీద తిరిగే రోలరు ఉండే చైను తయారుచేశాడు. ఆయన అసలు వ్యాపారం బట్టల మిల్లుల యంత్రాలకి చైన్లు చెయ్యడం. రోలరు తిరుగుతుంది కాబట్టి పళ్ళు త్వరగా అరగవు. గొట్టం వెడల్పుగా ఉంది కాబట్టి మేకు త్వరగా కోసుకుపోదు. ఐదేళ్ళకి, 1885లో, కోవెంట్రీలో జాన్ కెంప్ స్టార్లీ రోవర్ అనే సైకిలు తెచ్చాడు. రెండు చక్రాలూ దాదాపు సమానం, వెనక చక్రానికి చైను. ఇప్పటికీ మనం తొక్కేది అదే ఆకారం.

ఇక్కడొక సరదా సంగతి. ఇంగ్లీషువాళ్ళు సైకిలు గేరుని ఇప్పటికీ అంగుళాల్లో కొలుస్తారు. ఆ అంగుళాలు పాత పెద్ద చక్రం వ్యాసానివే. నా సైకిలు ముందు చైన్ వీల్‌కి 52 పళ్ళు, వెనక అతి చిన్న చక్రానికి 14, చక్రం 20 అంగుళాలు. లెక్క కడితే 74 అంగుళాలు వస్తుంది. అంటే మడత పెట్టి రైల్లో పట్టుకెళ్ళే ఈ బుడ్డ సైకిలు మీద నేను ఆరడుగుల పైన ఎత్తున్న చక్రాన్ని తొక్కుతున్నానన్నమాట.

చైను కథలో సింగపూరుకి కూడా చోటుంది, అయితే అది సంతోషంగా చెప్పుకునేది కాదు. 1941 డిసెంబరు 8న జపాను సైన్యం మలయా ఉత్తరాన కోట బారులో దిగింది. అక్కడినుంచి దక్షిణాన జొహోరు దాకా వేలాది సైనికులు సైకిళ్ళ మీద వచ్చారు. బ్రిటిషువాళ్ళు వంతెనలు కూలగొడితే సైకిలు భుజాన వేసుకుని ఏరు దాటారు. మలయాలో అప్పటికే జపాను సైకిళ్ళు విరివిగా అమ్ముడుపోయేవి, కాబట్టి ఏ ఊళ్ళో ఆగినా విడిభాగాలు దొరికేవి. ఎండకి టైర్లు పగిలితే తీసిపారేసి వట్టి రిమ్ముల మీదే తొక్కారు. రాత్రిపూట తారు రోడ్డు మీద ఆ ఇనుప మోత విని ఎదుటి సైనికులు ట్యాంకులు వస్తున్నాయనుకున్నారట. 1942 ఫిబ్రవరి 15న సింగపూరు లొంగిపోయింది. ఆ దారిలోని తోటల్లో మన తెలుగు కూలీల కుటుంబాలు కూడా ఉన్నాయి. ఆ చప్పుడు విన్నవాళ్ళలో మనవాళ్ళూ ఉండే ఉంటారు. యుద్ధం అయ్యాక, 1947లో, మనిషి లాగే రిక్షాలని ఇక్కడ నిషేధించారు. వాటి స్థానంలో మూడు చక్రాల ట్రైషాలు నిలిచాయి. అంటే చైను ఒక మనిషి భుజాల మీది బరువుని పాదాల కిందికి దించింది. బరువు మాత్రం తగ్గలేదు.

సరే, మన రోగం దగ్గరికి వద్దాం. జపానులో సకాయ్ అనే ఊళ్ళో షోజబురో షిమానో 1921లో ఫ్రీవీళ్ళు చేసే కొట్టు పెట్టాడు. ఆ కంపెనీయే 1973లో సింగపూరులో ఫ్యాక్టరీ పెట్టింది. గేర్లు సులువుగా మారడంలో ఈ కంపెనీ చేసిన కృషి చాలా ఉంది. ముందు రెండు మూడు చైన్ వీళ్ళుండే సైకిళ్ళలో చైను ఒకదాని మీంచి ఒకదాని మీదికి ఎక్కాలంటే పళ్ళు పొట్టిగా ఉండాలి, పక్కన చిన్న చిన్న మెట్లు చెక్కాలి. అంటే చైను తేలిగ్గా వదిలిపోయేలాగే ఆ పళ్ళని తీర్చిదిద్దుతారు. గేరు మారేటప్పుడు అది గుణం. కానీ ముందు ఒకే ఒక చైన్ వీల్ ఉన్న నాలాంటి సైకిలుకి అలాంటి పళ్ళే బిగిస్తే అదే దోషం. తలుపు తేలిగ్గా తెరుచుకోవాలని గడియ తీసేసి, దొంగలొచ్చారని ఏడ్చినట్టు.

దానికి తోడు మోటారు. గంటకి 20 కిలోమీటర్ల మీద వెళ్ళేటప్పుడు పని అంతా వెనక మోటారు చేస్తుంది, నేను ఊరికే కాళ్ళు తిప్పుతుంటాను. చైను మీద బిగువు ఉండదు. బిగువు లేని చైను రోడ్డు గతుకుకి తాడాట తాడులా ఎగురుతుంది. పళ్ళ మీదికి తిరిగి దిగేటప్పుడు కాస్త పక్కకి పడితే చాలు. మోటారు పెడళ్ళ దగ్గరే ఉండే సైకిళ్ళలో దీనికి సరిగ్గా ఎదురు. అక్కడ మోటారు బలం కూడా చైను మీదే పడుతుంది కాబట్టి త్వరగా అరుగుతుంది.

మందు ఎక్కడ దొరికిందంటే, చైనులోనే. ఈసారి మీ పిల్లల సైకిలు చైనుని దగ్గరగా చూడండి. ఒక లంకెలో రెండు పలకలు దగ్గరగా ఉంటాయి, తర్వాతి లంకెలో దూరంగా ఉంటాయి. ఇరుకు, వెడల్పు, ఇరుకు, వెడల్పు. రెనాల్డ్ కాలం నుంచీ ఇంతే. కానీ మామూలు చైన్ వీల్‌కి పళ్ళన్నీ సన్నవే, ఇరుకు లంకెలో పట్టేంత. వెడల్పు లంకెలో ఆ పన్ను పెద్ద కాజాలో చిన్న బొత్తాంలా ఆడుతూ ఉంటుంది. ఒక పన్ను సన్నగా, తర్వాతిది లావుగా చేస్తే? రెండు లంకెలూ నిండుతాయి, చైను పక్కకి కదలదు. 2012లో అమెరికా కంపెనీ శ్రామ్ ఎక్స్‌ఎక్స్1 అనే గేర్ల సెట్టుతో దీన్ని బజారులోకి తెచ్చింది. కొండల్లో తొక్కేవాళ్ళు ముందు గేరు మార్చే యంత్రాన్నే పీకి పారేశారు.

చెబితే పసిపిల్లలకి కూడా అర్థమయ్యే ఈ ఆలోచన కోసం నూట ముప్ఫై ఏళ్ళు ఎందుకు ఆగాల్సి వచ్చిందని ఆశ్చర్యపోయాను. నిజానికి అంతా ఆగలేదు. 1968 నాటి అమెరికా పేటెంటు ఒకదానిలో, షిమానో వాళ్ళ పాత జపాను పత్రం ఒకదానిలో లావు పళ్ళ ప్రస్తావన ఉంది. ఈ సంగతి కోర్టులో బయటపడింది. రేస్ ఫేస్ అనే బ్రాండు సొంతదారైన ఫాక్స్ ఫ్యాక్టరీ, శ్రామ్ పేటెంట్లు చెల్లవని సవాలు చేసింది. వాదన అంతా ఎక్కడ తేలిందో తెలుసా? పన్ను సగం ఎత్తులో, వెడల్పు లంకె ఖాళీలో 80 శాతం పైగా నిండాలి అన్న ఒక్క షరతు మీద. పన్ను మొదట్లో లావుగా ఉంటే చాలదు, పైకి కూడా లావు ఉండాలి. 2019 డిసెంబరులో అప్పీలు కోర్టు ఒక పేటెంటు సంగతి మళ్ళీ చూడమని వెనక్కి పంపింది. 2020 మేలో రెండో పేటెంటు చెల్లుతుందని తీర్పు చెప్పింది. మిల్లీమీటరులో పదో వంతుల మీద ఇన్నేళ్ళ వ్యాజ్యం. పొలం గట్టు కోసం మా ఊళ్ళో జరిగిన తగాదాలు గుర్తొచ్చాయి నాకు.

ఇంక నా సైకిలు. మా బ్లాకు కింద ఒక పెద్దాయన సైకిలు కొట్టు నడుపుతాడు. అంకుల్ అని పిలుస్తాం. చూడగానే చైను మీద స్కేలు పెట్టాడు. ఒక్కో మేకు మధ్య దూరం అర అంగుళం కాబట్టి 24 లంకెలకి సరిగ్గా 12 అంగుళాలు రావాలి. నాది అంగుళంలో ఎనిమిదో వంతు ఎక్కువొచ్చింది. చైను సాగింది అంటాం గానీ ఇనుము సాగదు, మేకులూ గొట్టాలూ అరిగి సందులు పెరుగుతాయి. ఆ చైను పళ్ళని కూడా కొరికేసింది. సొరచేప పళ్ళలా ఒక వైపుకి వంగిపోయి ఉన్నాయి. రెండూ కలిపి మార్చాలన్నాడు. పాత చైనుకి కొత్త పళ్ళు వేస్తే కొత్త పళ్ళూ పోతాయట.

సీలు ఉన్న బండి కదా, ఏదైనా ఇబ్బంది వస్తుందా అని అడిగాను. మోటారు, బ్యాటరీ, కంట్రోలరు జోలికి వెళ్ళకుండా అదే 52 పళ్ళది వేస్తానన్నాడు. సన్నం, లావు పళ్ళ చైన్ వీల్‌కి పళ్ళ లెక్క ఎప్పుడూ సరిసంఖ్యే ఉండాలి, లేకపోతే రెండో చుట్టులో లావు పన్ను ఇరుకు లంకెకి ఎదురవుతుంది. పాతదాని ఐదు బోల్టులు విప్పి, కొత్తదాన్ని బయటివైపు కాకుండా లోపలివైపు బిగించాడు. అసలు కిటుకు అదేనేమో. ముందు చక్రం బయటికి ఉండడం వల్ల కూడలిలో బయల్దేరే పెద్ద గేరు పన్ను మీద చైను ఏటవాలుగా నడుస్తోంది. ఇప్పుడు వెనక ఏడు చక్రాల మధ్యదానికి నిటారుగా వచ్చింది. బోల్టులు వరసగా కాకుండా నక్షత్రం గీసినట్టు ఒకటి వదిలి ఒకటి బిగించాడు. చివరికి చైను ఎక్కించేటప్పుడు నా చేతికే ఇచ్చి, లావు పన్ను వెడల్పు లంకెలోనే పడిందో లేదో చూడమన్నాడు. నేను మొదటిసారి తప్పు వేశాను. చైను పళ్ళ నెత్తి మీద నిలబడిపోయింది. ఒక్క పన్ను జరిపితే టక్కున దిగింది.

పదకొండు నెలలైంది. చైను ఒక్కసారి ఊడింది. అది కూడా సైకిలు మడత పెట్టి రైల్లోకి ఎక్కిస్తుంటే తలుపుకి తగిలి. మా ఆవిడ ఇప్పటికీ ఆ కూడలి దగ్గర దిగి నడిపించుకుంటూ దాటమంటుంది. దాటుతున్నాను. పోయిన నెల మా నాన్నగారికి వీడియోలో కొత్త పళ్ళు చూపించాను. ఆయన కళ్ళద్దాలు పెట్టుకుని కాసేపు చూసి, "చైను కవరు ఏదిరా? పంట్లాం నలుపవుతుంది" అన్నారు.