డేటా వేర్‌హౌస్‌కు రిపోర్టింగ్ కనెక్షన్: ఎంపిక

ఒక సంస్థలో రోజూ జరిగే లావాదేవీలను వేర్వేరు కంప్యూటర్ వ్యవస్థల నుంచి సేకరించి, సరిచేసి, ఏళ్ల తరబడి ఒకచోట నిల్వ ఉంచే డేటాబేస్‌ను డేటా వేర్‌హౌస్ అంటారు. అందులోని అంకెలను పట్టికలుగా, డాష్‌బోర్డులుగా చూపించేవి పవర్ బీఐ, టాబ్లో, శాప్ బిజినెస్ ఆబ్జెక్ట్స్ వంటి బిజినెస్ ఇంటెలిజెన్స్ (బీఐ) సాధనాలు. ఈ రెండింటినీ కలిపే దారులు ముఖ్యంగా రెండు. వేర్‌హౌస్ నుంచి నకలు తెచ్చుకుని బీఐ సాధనంలోనే దాచుకోవడం మొదటిది. పవర్ బీఐలో దీన్ని ఇంపోర్ట్ అనీ, టాబ్లోలో ఎక్స్‌ట్రాక్ట్ అనీ పిలుస్తారు. నకలు లేకుండా, రిపోర్టు తెరిచిన ప్రతిసారీ వేర్‌హౌస్‌నే అడగడం రెండోది. పవర్ బీఐలో ఇది డైరెక్ట్‌క్వెరీ, టాబ్లోలో లైవ్ కనెక్షన్.

హైదరాబాద్‌లోని దిల్‌సుఖ్‌నగర్, అమీర్‌పేట కోచింగ్ సెంటర్లలో ఈ పాఠం నేర్చుకునే కుర్రాళ్లకు ‘ఇంపోర్టా, డైరెక్ట్‌క్వెరీనా?’ అన్నది ఇంటర్వ్యూ ప్రశ్న. రిపోర్టులోని అంకెను చూసి ఎవరు, ఎంతసేపట్లో, ఏం చేస్తారో తెలిస్తే తప్ప దానికి జవాబు లేదు.

ఉదాహరణకు టోల్ వసూలునే తీసుకోండి. హైదరాబాద్ తూర్పు అంచున, విజయవాడ వెళ్లే 65వ నంబరు జాతీయ రహదారిని ఔటర్ రింగ్ రోడ్డు కలిసే చోటు పెద్ద అంబర్‌పేట్. ఈ రింగ్ రోడ్డుపై టోల్ ప్రయాణించిన దూరాన్ని బట్టి ఉంటుంది. శంషాబాద్‌లో ఎక్కిన కారు పెద్ద అంబర్‌పేట్‌లో దిగేదాకా ఆ ప్రయాణం లెక్కకు అందదు. ఎక్కినచోట ఒక నమోదు, దిగినచోట ఒక నమోదు. రెండూ జత కుదిరితేనే ఎంత కట్టాలో తేలుతుంది. ఇలాంటి డేటా మీద రెండు రకాల ప్రశ్నలు పుడతాయి. ‘ఇప్పుడు ఏ లేన్‌లో బండ్లు నిలిచిపోయాయి?’ అన్నదానికి నిమిషాల్లో జవాబు కావాలి, అక్కడ లైవ్ తప్పదు. ‘పోయిన నెల రాత్రిపూట లారీల మీద ఎంత వచ్చింది?’ అన్నదానికి జతలు కుదిరి, తప్పులు సరిచూసిన లెక్క కావాలి. దాన్ని లైవ్‌లో పెడితే లాభం లేకపోగా, ఆలస్యంగా చేరే నమోదులు, దిద్దుబాట్లు మొత్తాన్ని కదిలిస్తూనే ఉంటాయి. ఒకే సమావేశంలో ఇద్దరి తెరల మీద రెండు మొత్తాలు కనిపిస్తే ఆ రిపోర్టును ఇక ఎవరూ నమ్మరు.

చాలామంది మరిచిపోయే సంగతి ఇంకొకటి ఉంది. వేర్‌హౌస్‌లోకే డేటా రాత్రికి ఒక్కసారి చేరుతుంటే, లైవ్ కనెక్షన్ పెట్టినా కనిపించేది నిన్నటి లెక్కే.

నకలు పద్ధతికి బలం వేగం. పవర్ బీఐ తెచ్చుకున్న డేటాను నిలువు వరుసల వారీగా కుదించి మెమరీలో ఉంచుతుంది కాబట్టి కోట్ల వరుసల మీద కూడా మొత్తాలు చిటికెలో వస్తాయి. టాబ్లో 2018లో హైపర్ అనే ఇంజిన్ తెచ్చింది కూడా ఈ వేగం కోసమే. పరిమితులూ ఉన్నాయి. పవర్ బీఐ ప్రో లైసెన్సులో ఒక్కో మోడల్ 1 జీబీ దాటకూడదు. షెడ్యూల్ ప్రకారం రోజుకు 8 సార్లే రిఫ్రెష్ చేసుకోవచ్చు. ప్రీమియంలో అది 48 సార్లు. డైరెక్ట్‌క్వెరీకి పరిమాణం బెడద లేదు కానీ, సాధారణంగా ఒక క్వెరీ 10 లక్షల వరుసలకు మించి వెనక్కి తెస్తే ఆగిపోతుంది.

లైవ్ కనెక్షన్‌కు అసలు ఖర్చు బిల్లులో కనిపిస్తుంది. స్నోఫ్లేక్ అనే క్లౌడ్ వేర్‌హౌస్‌లో కంప్యూటింగ్ యంత్రం నడిచిన సమయానికి డబ్బు. ఆగి ఉన్న యంత్రం మళ్లీ నిద్రలేచిన ప్రతిసారీ కనీసం 60 సెకన్లకు వసూలు చేస్తారు. గూగుల్ బిగ్‌క్వెరీ ఆన్-డిమాండ్ పద్ధతిలో చదివిన డేటా పరిమాణానికి కట్టాలి. పన్నెండు గ్రాఫులున్న డాష్‌బోర్డును తెరిస్తే పన్నెండో, అంతకు మించో క్వెరీలు వెళ్తాయి. ఉదయం పదింటికి వందమంది ఒకేసారి తెరిస్తే వేర్‌హౌస్ మీద పడే భారం ఊహించుకోవచ్చు. డేటా మారకుండా అదే క్వెరీ మళ్లీ వస్తే స్నోఫ్లేక్, బిగ్‌క్వెరీ రెండూ సుమారు 24 గంటల పాటు దాచిన ఫలితాన్ని ఇస్తాయి కాబట్టి కొంత ఊరట.

రెండు దారులనూ కలపాల్సిన చోట్లూ ఉంటాయి. పెద్ద అంబర్‌పేట్ దాటితే బాటసింగారం. దిల్‌సుఖ్‌నగర్ పక్కన కొత్తపేటలో ఉండే గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్‌ను 2021-22లో ఇక్కడి లాజిస్టిక్ పార్కుకు తరలించారు. ఏప్రిల్, మే నెలల్లో మామిడి బండ్లు పోటెత్తే ఇలాంటి యార్డుకు మిశ్రమ పద్ధతి సరిపోతుంది: గత సీజన్ల రాకలు, ధరలు నకలులో, ఈ పూట రాకలు మాత్రం లైవ్‌లో. పవర్ బీఐలో 2018లో వచ్చిన కాంపోజిట్ మోడల్ దీనికి వీలిస్తుంది. అయితే రెండు వైపుల పట్టికలను కలిపే సంబంధాలు జాగ్రత్తగా అల్లకపోతే రిపోర్టు నత్తనడక నడుస్తుంది.

దారి తేల్చుకున్నాక, బీఐ సాధనం తరఫున డేటాబేస్‌తో మాట్లాడే డ్రైవర్ సంగతి. 1992లో మైక్రోసాఫ్ట్ తెచ్చిన ఓడీబీసీ, 1997లో జావాలో చేరిన జేడీబీసీ ప్రమాణాల డ్రైవర్లు ఇప్పటికీ దాదాపు అన్ని డేటాబేస్‌లతో మాట్లాడతాయి. వేర్‌హౌస్‌కు ప్రత్యేకంగా రాసిన కనెక్టర్ ఉంటే ముందు దాన్నే వాడాలి. ఆ డేటాబేస్ సొంత సదుపాయాలు దానికే బాగా తెలుసు. శాప్ సంస్థ వేర్‌హౌస్ అయిన శాప్ బీడబ్ల్యూ వాడే చోట్ల ఈ తేడా కొట్టొచ్చినట్టు కనబడేది: బిజినెస్ ఆబ్జెక్ట్స్ మొదట్లో ఎండీఎక్స్ అనే క్వెరీ భాష ద్వారా అడిగేది, 4.0 వెర్షన్‌లో బిక్స్ అనే నేరుగా కలిపే కనెక్షన్ వచ్చాక శాప్ క్వెరీలోని సోపానక్రమాలు, వేరియబుల్స్ చాలావరకు యథాతథంగా అందాయి. వేర్‌హౌస్ ఆఫీసు సర్వర్‌లో, రిపోర్టు క్లౌడ్‌లో ఉంటే రెండింటినీ కలిపే గేట్‌వే అనే సాఫ్ట్‌వేర్ మధ్యలో కావాలి. ఆ గేట్‌వేను ఎవరో ఒకరి ల్యాప్‌టాప్‌లో పెట్టడం పొరపాటు. అది మూతపడితే రిఫ్రెష్ కూడా ఆగిపోతుంది.

భద్రత విషయంలో నకలే ప్రమాదకరం. లైవ్‌లో సింగిల్ సైన్-ఆన్ ఉంటే చూసేవారి పేరుతోనే క్వెరీ వెళ్తుంది, వేర్‌హౌస్‌లో పెట్టిన హద్దులు వర్తిస్తాయి. నకలు మాత్రం దాన్ని తెచ్చిన ఖాతాకు ఎంత అనుమతి ఉంటే అంతా తెచ్చేస్తుంది. ఏ వరుసలు ఎవరు చూడాలన్న నియమాలను బీఐ మోడల్‌లో మళ్లీ రాయాలి. ఉద్యోగుల జీతాలు, రోగుల వివరాలు ఉన్నచోట ఇది మరిచిపోకూడదు.

కొత్తగా మొదలుపెట్టే సంస్థ రాత్రి రిఫ్రెష్ అయ్యే నకలుతో మొదలుపెట్టడమే మేలు. గంటలోపు ఎవరో ఒకరు నిర్ణయం తీసుకోవాల్సిన అంకెలకే లైవ్ ఇవ్వాలి. ఏ దారి పట్టినా, డేటా చివరిగా ఎప్పుడు చేరిందో తేదీ, సమయంతో రిపోర్టు పైభాగంలోనే చూపించండి.