మూడంకెల జవాబు ఎక్కడ పుట్టింది?

నేను సర్వర్ల లాగ్‌లు చూసే పనిలో ఉన్నాను. కొత్తగా చేరిన పిల్లలకు మొట్టమొదట చెప్పేది ఇదే: సర్వర్ ఇచ్చిన మూడంకెల జవాబులో ముందు మొదటి అంకె చూడండి, తక్కినవి తర్వాత.

మొదటి అంకెతోనే జవాబు రకం చెప్పే ఈ పద్ధతి వెబ్ కంటే పాతది. ఫైళ్లు పంపుకునే ఎఫ్‌టీపీ కోసం 1974లో జాన్ పోస్టెల్, ఆయన సహచరులు మూడంకెల జవాబులను సవరించి ఒక క్రమంలో పెట్టారు. అందులో 4తో మొదలైతే తాత్కాలిక వైఫల్యం, మళ్లీ ప్రయత్నించవచ్చు. 5 అయితే శాశ్వతం.

1991లో టిమ్ బెర్నర్స్-లీ వెబ్ పేజీల కోసం రాసిన తొలి హెచ్‌టీటీపీలో ఈ కోడ్లే లేవు. పేజీ దొరికినా, దొరక్కపోయినా వచ్చేది మనిషి చదువుకునే పాఠమే. రెంటికీ తేడా ప్రోగ్రాముకు తెలిసే దారి లేదు. 1996లో ఆర్‌ఎఫ్‌సీ 1945 అనే పత్రంగా వెలువడిన హెచ్‌టీటీపీ 1.0లో మూడంకెలు ఉన్నాయి, కానీ అర్థం వేరు: 4 అంటే అడిగినవైపు లోపం, 5 అంటే సర్వర్ వైపు లోపం. ఎఫ్‌టీపీ చెప్పింది కాలం గురించి, వెబ్ చెప్పింది బాధ్యత గురించి.

అడిగినవాణ్ని తాత్కాలికంగా వేరే చిరునామాకు మళ్లించే 302 కథ మరీ ముఖ్యం. దారి మళ్లించినా, సమాచారం పంపే పోస్ట్ అభ్యర్థన పోస్ట్‌గానే ఉండాలన్నది నియమం. చాలా బ్రౌజర్లు దాన్ని పేజీని అడిగే గెట్‌గా మార్చేశాయి. అందుకే హెచ్‌టీటీపీ 1.1 కాలంలో రెండు అర్థాలనూ విడదీశారు: గెట్‌గా మార్చమనడానికి 303, మార్చవద్దనడానికి 307.

కోడ్లను తప్పుగా వాడటం ఇంకా ఆగలేదు: దొరకని పేజీకి, అంతా సవ్యమని చెప్పే 200 పంపే సైట్లు నేటికీ ఉన్నాయి. సెర్చ్ ఇంజన్ దాన్ని అసలు పేజీగా పొరబడవచ్చు. పేజీ దొరక్కపోతే 404 పంపండి, శాశ్వతంగా తీసేసిన పేజీ అయితే 410 పంపండి.