బందరు ఫిరంగి – ఉప్పు నేల

1759 మార్చిలో కర్నలు ఫోర్డు సేన ఫ్రెంచివారి బందరు కోటను ముట్టడించింది. చుట్టూ చిత్తడి, అచ్చట ఫిరంగిని ప్రేల్చుటకంటె కదల్చుటే కష్టం. ఏప్రిల్ 8న కోట లొంగగా 120 ఫిరంగులు చిక్కాయి.

అటువంటి పోత ఇనుప ఫిరంగి కృష్ణా డెల్టా ఉప్పు నేలలో శతాబ్దాలు పడియుంటే ఏమగును? ఇనుము కరిగిపోగా పైన గ్రాఫైటు పొర మిగులుతుంది. చూపునకు చెక్కుచెదరదు, చాకుతో కోయవచ్చు. పోతపోసిన వారి గుర్తులన్నీ ఆ మెత్తని పొరలోనే ఉంటాయి. గొలుసు బిగించి ఎత్తితే అవి చెరిగిపోతాయి. ఆరబెట్టినా పెచ్చులూడుతుంది. అందుచేత వెడల్పు పట్టీలతో ఎత్తి, తడి గోనెలు చుట్టి, విజయవాడకైనా తడిగానే తరలించాలి. గొట్టంలో పాత మందుగుండు ఉన్నదేమో ముందే నిపుణులచేత చూపించాలి.

పిమ్మట కాస్టిక్ సోడా నీటిలో ఉంచి స్వల్ప విద్యుత్తును ప్రసరింపజేస్తారు. క్లోరైడు వెలికి వచ్చేకొద్దీ నీరు మారుస్తారు. కోట పట్టుటకు చాలిన నెల దీనికి చాలదు. ఒక్కొక్కప్పుడు ఏళ్ళే పడతాయి. తరువాతనే కడగటం, ఆరబెట్టటం, మైనం పట్టించటం.