బెర్బెరిన్: పేగు బాక్టీరియా, రక్తంలో చక్కెర

బెర్బెరిన్ కొన్ని మొక్కల కర్రకు, వేళ్లకు పసుపు రంగునిచ్చే ఆల్కలాయిడ్. మహా చేదు. ఆయుర్వేదంలోని దారుహరిద్ర అనే హిమాలయపు ముళ్లపొదలోనూ, చైనా వైద్యంలోని హువాంగ్‌లియన్ వేళ్లలోనూ ఉంటుంది. దక్షిణాది మూలికల కొట్లలో దారుహరిద్ర పేరుతో చాలాసార్లు అమ్మేది ఆ పొద కాదు, పశ్చిమ కనుమల తీగ ఒకటి. దాన్లోనూ బెర్బెరిన్ ఉంది కాబట్టి పని నడిచిపోతోంది. కూరల్లో వేసే పసుపులోని కర్కుమిన్‌కీ దీనికీ రంగులో తప్ప పోలిక లేదు.

చాలాకాలం ఇది విరేచనాల మందు. 1967లో లాహిరి, దత్తా అనే పరిశోధకులు కలరా రోగుల మీద దీని ప్రభావాన్ని భారత వైద్య పత్రికలో ప్రకటించారు. చైనాలో విరేచనాలకు దీన్ని వాడిన మధుమేహ రోగుల్లో చక్కెర కూడా తగ్గుతోందని 1988లో ఒక నివేదిక వచ్చింది. 2004లో చెడ్డ కొలెస్ట్రాల్‌ను, దానికి మామూలుగా వాడే స్టాటిన్ మందులకు భిన్నమైన దారిలో తగ్గిస్తుందని తేలింది. 2008లో 36 మంది కొత్త మధుమేహ రోగులపై మూడు నెలల పరీక్షలో, మధుమేహానికి మామూలుగా ఇచ్చే మెట్‌ఫార్మిన్‌తో సరితూగింది. అంత చిన్న పరీక్షతో మెట్‌ఫార్మిన్ పక్కన కుర్చీ వేయలేం.

చిక్కల్లా ఒకటే. మింగిన మందులో నూటికి ఒక వంతు కూడా రక్తంలోకి చేరదు. మరి పనిచేసేదెక్కడ? జవాబు పేగులోనే దొరుకుతోంది. కొవ్వు మేత పెట్టిన ఎలుకల పేగు బాక్టీరియా తీరు బెర్బెరిన్‌తో మారినట్లు 2012లో చూశారు. 2015లో ఇంకో సంగతి బయటపడింది: పేగు బాక్టీరియాలోని నైట్రోరిడక్టేజ్ ఎంజైములు బెర్బెరిన్‌ను డైహైడ్రోబెర్బెరిన్‌గా మారుస్తాయి, అది పేగు గోడలోకి తేలిగ్గా ఇంకి, అక్కడ మళ్లీ బెర్బెరిన్ అవుతుంది. అంటే మందు బాక్టీరియాను మారుస్తుంది, బాక్టీరియా మందును మారుస్తుంది.

మనుషుల్లో పెద్ద పరీక్ష 2020లో వెలువడింది. చైనాలో 20 కేంద్రాలు, 409 మంది కొత్త మధుమేహ రోగులు. మూడు నెలల సగటు చక్కెరను చూపే హెచ్‌బిఎ1సి బెర్బెరిన్ తీసుకున్నవారిలో 0.99, ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవారిలో 0.59 శాతం పాయింట్లు తగ్గింది. ప్రోబయాటిక్ కలిపినా అదనంగా ఒరిగిందేమీ లేదు. రూమినోకాకస్ బ్రోమీ అనే బాక్టీరియా పైత్యరస ఆమ్లాలపై చేసే మార్పును బెర్బెరిన్ అడ్డుకోవడమే చక్కెర తగ్గడానికి కారణమని పరిశోధకుల వాదన. అయితే పాల్గొన్నవారికి ముందుగా ఒక వారం జెంటమైసిన్ అనే యాంటీబయాటిక్ ఇచ్చారు. మామూలు పేగులో ఇదే జరుగుతుందా అన్నది వేరే ప్రశ్న.

2023లో సామాజిక మాధ్యమాలు దీన్ని, బరువు తగ్గడానికి వాడే ఇంజెక్షన్ ఒజెంపిక్ పేరు మీద, ‘ప్రకృతి ఒజెంపిక్’ చేసేశాయి. బరువు తగ్గించడంలో రెంటికీ పొంతనే లేదు. మలబద్ధకం, కడుపునొప్పి మామూలు ఇబ్బందులు. అవయవ మార్పిడి రోగులకిచ్చే సైక్లోస్పోరిన్ వంటి మందుల స్థాయిని బెర్బెరిన్ రక్తంలో పెంచుతుంది. పసికందుల్లో కామెర్లు ముదిరే ప్రమాదం ఉందని సింగపూర్ 1978లో దీన్ని నిషేధించి, చాలా ఏళ్ల తర్వాత సడలించింది. గర్భిణులు, బాలింతలు దీనికి దూరంగా ఉండాలన్న హెచ్చరిక మాత్రం ఇప్పటికీ ఉంది.